తాపీ తీరాన ఒక తెలుగు పాప

(హిందీ దివస సందర్భంగా వరంగల్లులోని ఒక కళాశాలలో చేసిన ప్రసంగ పాఠం)



హిందీ నుండి తెలుగులోనికి అనువాదాలు చేసే వ్యక్తిని కాబట్టి, అనువాద కళను గూర్చి నాలుగు మాటలు చెప్పవలసిందిగా నన్ను ఆహ్వానించారు. ఆ విషయం మీద పుస్తకాలు ఎన్నో ఉన్నాయి; మీ గ్రంథాలయంలోనే దొరుకుతాయి. నేను చెప్పదలచినది పుస్తకాలలోనిది కాదు. గడచిన రెండేళ్ళుగా గుజరాత్‌లోని సూరత్ నగరంలో, అడాజన్ అనే పేటలో, ఒక పసిబిడ్డను పెంచుకుంటూ ఇంటిలో నేను చేసిన అనువాదాన్ని గూర్చి చెబుతాను. అందులో ఒకచోట తప్పుడు అనువాదం కూడా చేశానని ముందే ఒప్పుకుంటున్నాను.

సూరత్ పేరు తెలుగువారికి కొత్త కాదు. మన ఇళ్ళలో శుభకార్యాలకు కొనే పెట్టుబడి చీరలలో ఎన్నో ఆ ఊరి మరమగ్గాల మీద నేసినవే. ఈ సంబంధం నిన్నటిదీ కాదు. ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నంలోనూ, ఆ తరువాత ఒకటి రెండేళ్ళకే సూరత్‌లోనూ తన వర్తక స్థావరాలను నెలకొల్పింది. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తవెర్నియే 17వ శతాబ్దిలో సూరత్ నుండి గోల్కొండకు వెళ్ళే దారులను మజిలీల వారీగా వ్రాసిపెట్టాడు. ఆయన బండ్ల మీద వారాల తరబడి సాగించిన అటువంటి ప్రయాణాన్ని ఈనాడు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఇంచుమించు ఒక రాత్రీ ఒక పగలులో ముగిస్తుంది. నందుర్బార్, భుసావల్, వార్ధా, బల్లార్షా దాటి మంచిర్యాలకు రాగానే పెట్టెలో సగంమంది తెలుగులోనికి మారిపోతారు. ఐదు నెలల పసికందును ఒడిలో పెట్టుకొని నేను మొదటిసారి అదే బండిలో ఎదురు దిక్కుగా ప్రయాణం చేశాను. బల్లార్షా దాటిన తరువాత తెలుగు మాటలు ఒక్కొక్కటే తగ్గిపోవడం ఆ రోజు విన్నట్లుగా అంతకుముందు ఎన్నడూ వినలేదు.

తాపీ నది సూరత్ నగరం మధ్యగా పారుతుంది. పాత నగరం, బట్టల మార్కెట్లు, రైల్వే స్టేషను ఎడమ ఒడ్డున ఉన్నాయి. రాందేర్, అడాజన్ కుడి ఒడ్డున ఉన్నాయి. ఒకప్పటి ఊరు అడాజన్ ఇప్పుడు పెద్ద పెద్ద నివాస భవనాల పేట. ఇక్కడి నుండి పడమటగా వెళ్ళే దారి హజీరా కర్మాగారాలకు చేరుతుంది. మావారు ఆ కర్మాగారాలలో ఒకదానిలో ఇంజనీరు. మా మెట్ల వరుసలో గుజరాతీ, మరాఠీ, మార్వాడీ, ఒడియా, తెలుగు కుటుంబాలు కాపురం ఉంటున్నాయి. ఉదయం పాలవాడు వచ్చినప్పుడు ఎవరు ఏ భాషలో బేరమాడుతున్నారో పడకమీది నుండే చెప్పగలను.

కానీ సూరత్ తెలుగువారంటే అడాజన్‌లోని ఉద్యోగులు కాదు. అవతలి ఒడ్డున లింబాయత్, ఉధనా ప్రాంతాలలో మగ్గాల మీద బ్రతుకుతున్నవారే అసలైన సూరత్ తెలుగువారు. సిరిసిల్ల, కరీంనగర్, నల్లగొండ, వరంగల్లు సీమల నుండి పద్మశాలీలు షోలాపూరు, భివండీ, సూరత్ నగరాలకు తరతరాలుగా వలస వెళ్ళారు. మావారి పెదతండ్రి కుటుంబం అటువంటిదే. పన్నెండు గంటల పాళీ, ఒకే గదిలో ఆరుగురు, గోడ అవతల మగ్గం మోత. మా పాపను మొదటిసారి అక్కడికి తీసుకువెళ్ళినప్పుడు ఆ మోతకు బెదరిపోతుందని భయపడ్డాను. అది హాయిగా నిద్రపోయింది! సూరత్ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా మాధ్యమాలతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదని నాకు ఆ ఇంటిలోనే తెలిసింది. తెలుగు గడ్డకు ఇంత దూరంలో తెలుగు అక్షరాలు వ్రాసిన పాఠశాల గోడను చూసినప్పుడు, అడాజన్‌లో ఉండి తెలుగు పుస్తకాలు అచ్చువేయిస్తున్న నాకు కొంచెం సిగ్గు కలిగింది.

ఇక్కడ ఒక చిన్నమాట. హిందీలో ‘పరదేస్’ అనే పదం తరచుగా వస్తుంది. ఊరు విడిచి పట్నం వెళ్ళినా పరదేసే, సముద్రం దాటినా పరదేసే. దానిని తెలుగు చేసేటప్పుడు నేను ఎప్పుడూ తడబడతాను. తెలుగులో ‘పరదేశి’ అంటే దిక్కులేనివాడు, బిచ్చమెత్తుకునేవాడు అనే అర్థం కూడా ఉన్నది. పొరుగు రాష్ట్రం దాటి వెళ్ళినవాడిని మన భాష ఎందుకంత జాలిగా చూచిందో నిఘంటువు చెప్పదు. మా అత్తగారు మాత్రం చెప్పారు. పాపను సూరత్ తీసుకువెళ్తామన్నప్పుడు ఆమె అన్నమాట ఇది: “పరదేశం పాలు చేస్తరా పిల్లను? బడికి పోయే ఈడు దాక నా దగ్గర విడిచిపెట్టుండ్రి బిడ్డా, నేను సాదుత. నువ్వు రాసుకునేదానివి, నీకు పని ఉంటది.”

అది తీసిపారేయదగిన మాట కాదు. లింబాయత్ మగ్గాల ఇళ్ళలో ఎందరో తల్లులు ఆ పనే చేశారు. మూడేళ్ళు వచ్చేవరకు బిడ్డను ఊరిలో నాయనమ్మ దగ్గరో అమ్మమ్మ దగ్గరో ఉంచి, ఏడాదికి ఒకసారి పండుగకు వెళ్ళి చూచుకొని వచ్చారు. బిడ్డకు భాష దక్కింది, తిండి దక్కింది. తల్లి ముఖం మాత్రం ఫొటోలో దక్కింది. నేను పాపను తీసుకొనే వెళ్ళాను. అత్తగారు ఏడాదిపాటు టెలిఫోనులో నాతో ముక్తసరిగా మాట్లాడారు.

ఇక అడాజన్‌లో మా దినచర్య. మావారు ఉదయం ఏడింటికి కంపెనీ బస్సు ఎక్కితే తిరిగి వచ్చేసరికి సాయంత్రం ఆరు దాటుతుంది. పాప నిద్రపోయే రెండు గంటలే నా అనువాద సమయం. వాక్యం సగంలో ఉండగా తొట్టెల కదిలితే ఆ వాక్యం మరునాటికే. ఈ పద్ధతిలో ఒక హిందీ నవల పూర్తి చేయడానికి పదహారు నెలలు పట్టింది. పురిటి నాటి అలసట తగ్గని ఆ రోజుల్లో నన్ను నిలబెట్టినది ఎదురింటి ముసలమ్మ. గుజరాతీలు పెద్దావిడలను ‘బా’ అని పిలుస్తారు. కస్తూరిబా గాంధీని దేశమంతా పిలిచినది ఆ పిలుపుతోనే. మా అంతస్తులో అందరికీ ఆమె బాయే. నేను మరొక పేరు వాడలేదు, ఇక్కడా వాడను.

బా వయస్సు డెబ్బై దాటింది. కొడుకు, కోడలు అమెరికాలో ఉన్నారు. మనుమడు అక్కడే పుట్టాడు. ఆదివారం రాత్రి వీడియోలో కనిపించి “హాయ్ గ్రాండ్‌మా” అంటాడు. ఆపైన ఇద్దరికీ మాటలు దొరకవు. మేము చేరిన మూడవ రోజున ఆమె మా తలుపు తట్టి, ఘోడియూ ఇచ్చింది. అది నాలుగు కాళ్ళ చట్రానికి గుడ్డ వేలాడదీసి, తాడుతో ఊపే గుజరాతీ ఊయల. తన మనుమడి కోసం కొన్నదట. వాడు అందులో పడుకున్నది ఒక్క వేసవి సెలవులలోనే. ఆనాటి నుండి ఉదయం పది గంటలకు ఆమె రావడం, ఘోడియూ తాడు పట్టుకొని కూర్చోవడం, నేను బల్ల దగ్గర కూర్చోవడం అలవాటైపోయింది.

ఆమె నోట నేను సూరత్ చరిత్ర చాలా విన్నాను. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలాది ప్రజలు ఊరు విడిచి పారిపోయారు. మరుసటి సంవత్సరం మునిసిపల్ కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారు ఆ నగరాన్ని దేశంలోని శుభ్రమైన నగరాలలో ఒకటిగా తీర్చిదిద్దారు. “రావు సాహెబ్ మీవాడేనటగా” అని బా నన్ను అడిగినప్పుడు, పేరును బట్టి మావారేనని కాస్త గర్వంగానే చెప్పాను. 2006 ఆగస్టులో ఉకాయి జలాశయం నుండి వదలిన నీరు నగరాన్ని ముంచినప్పుడు అడాజన్ వీధులు నదులైనాయి. ఆ రోజులలో కింది అంతస్తులవారంతా పైకి చేరి, ఉన్న బియ్యమూ పప్పూ ఒకే గిన్నెలో పోసుకొని వండుకున్నారట. ఎవరి కులమేమిటో, ఎవరు ఏమి తింటారో అడగడానికి గ్యాసు లేదని ఆమె నవ్వుతుంది.

మా మధ్య భాష మొదట్లో విరిగిన హిందీ. క్రమంగా నేను గుజరాతీ నేర్చుకున్నాను. ఈ రెండు భాషల మధ్య ఉన్న కొన్ని మోసాలను కూడా నేర్చుకున్నాను. పాపకు ఆమె పెరుగన్నం తినిపిస్తుంటే నేను “చాలు, చాలు” అనేదానిని. గుజరాతీలో ‘చాలూ’ అంటే నడుస్తూ ఉన్నది, సాగుతున్నది అని అర్థం. నేను వద్దన్నకొద్దీ ఆమె మరో ముద్ద పెట్టేది. పార్కులో “పాపా!” అని గట్టిగా పిలిస్తే ఇద్దరు ముగ్గురు తండ్రులు వెనుదిరిగి చూచేవారు. అయితే మోసం చేయని మాటలూ ఉన్నాయి. చిన్నాన్నను తెలంగాణంలో ‘కాక’ అంటాము. వారూ కాకా అనే అంటారు. మేనమామ అక్కడా మామాయే.

సెలవుల సంగతి చెబుతాను. ఉద్యోగస్థుని సంవత్సరం సెలవుల పట్టికతోనే నడుస్తుంది; మా పట్టికలో రెండు రాష్ట్రాల పండుగలు కలగాపులగంగా ఉంటాయి. నవరాత్రులకు అక్కడ గర్బా ఆడతారు. మధ్యలో రంధ్రాలు గల మట్టికుండ, లోపల దీపం, దాని చుట్టూ వలయంగా స్త్రీలు. అదే రోజులలో మన బతుకమ్మ, మధ్యలో పూల గోపురం, చుట్టూ వలయంగా స్త్రీలు. లింబాయత్‌లో బతుకమ్మ ఆడి, నది దాటి వచ్చి, అదే రాత్రి అడాజన్‌లో గర్బా చూచాను. ఒకే అడుగును రెండు చోట్ల వేర్వేరు తాళాలతో వేసినట్లు అనిపించింది. మన తంగేడును వారు ఆవళ్ అంటారు; మా పేట పూల అంగడిలో అది అమ్మకానికి రాదు కాబట్టి నా బతుకమ్మ అంతా బంతిపూలే. శరత్ పూర్ణిమ మరునాడు చందీ పడవో. ఆనాడు సూరత్ అంతా ఘారీ అనే నేతి మిఠాయి తింటుంది. ఒకటి తింటే రాత్రి భోజనం అక్కరలేదు.

చలికాలం వస్తే పోంక్ వస్తుంది. జొన్న కంకి పాలుపట్టి లేతగా ఉన్నప్పుడే నిప్పుల మీద కాల్చి, దులిపి, పచ్చని గింజలను నిమ్మరసపు కారప్పూసతో కలిపి తింటారు. అడాజన్ పరిసరాలలో తాపీ ఒడ్డున పోంక్ అంగళ్ళు వెలుస్తాయి. మొదటిసారి ఆ పొట్లం నా చేతిలో పెట్టినప్పుడు బా అదేమిటో నాకు వివరించబోయింది. నేను ఒక్క గింజ నోటిలో వేసుకోగానే మా తాతగారి జొన్నచేను కళ్ళ ముందు నిలిచింది. అది మన ఊచబియ్యమే! మన పల్లెలలో ఇప్పుడు ఆ మాట తెలిసిన పిల్లలెందరో నాకు సందేహమే. మహానగరమైన సూరత్‌లో మాత్రం దాని కోసం జనం వరుసలో నిలబడతారు.

పాపకు పదిహేడవ నెల నడుస్తుండగా, దసరాకు మా అత్తగారు సూరత్ వచ్చారు. పాప అప్పటికి ఒక్క మాటా పలకలేదు. పిలిస్తే చూచేది, కావలసినదానిని వేలితో చూపేది, “బూట్లు తే” అని తెలుగులో చెప్పినా గుజరాతీలో చెప్పినా తెచ్చేది. నోరు మాత్రం విప్పలేదు. అత్తగారు వారం రోజులు గమనించి తీర్పు చెప్పారు: “ఇంట్ల మూడు భాషలు. పసిదానికి ఏది పట్టుకోవాల్నో తెలుస్తలేదు. పండుగెల్లంగనే నాతోని పంపుండ్రి.”

నేను పైకి ఎంత ధైర్యంగా ఉన్నా లోలోపల భయపడ్డాను. నా స్వార్థం కోసం, నా పుస్తకం కోసం, బిడ్డ నోటిని మూసివేశానా అని రాత్రులు ఆలోచించాను. డిసెంబరులో పిల్లల వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాము. ఆమె ముందు వినికిడి పరీక్ష చేయించింది, లోపమేమీ లేదు. తరువాత పాప ఎదుట బొమ్మలు పెట్టి అరగంట ఆడింది. ఆమె చెప్పిన విషయాలు తల్లులు కాబోయే మీలో కొందరికైనా ఉపకరిస్తాయి కాబట్టి వివరంగా చెబుతాను. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాటలు ఆలస్యం కావు. బిడ్డకు అర్థమవుతున్నదా, వేలితో చూపుతున్నదా, మనిషి ముఖంలోకి చూస్తున్నదా అన్నవి ముఖ్యం. మాటలను లెక్కించేటప్పుడు అన్ని భాషల మాటలనూ కలిపి లెక్కించాలి. ఇంటి భాషను మానవద్దు. రెండేళ్ళు నిండే నాటికి రెండు మాటలు కలిపి పలకకపోతే అప్పుడు వాక్చికిత్స నిపుణుల వద్దకు వెళ్ళాలి. చివరగా ఆమె, ఒక నోటుపుస్తకంలో మూడు గడులు గీసి, తేదీ, మాట, భాష అని పాప పలికే ప్రతి మాటను వ్రాయమన్నది. ఇంటికి రాగానే గీశాను. డిసెంబరంతా ఆ పుట తెల్లగానే ఉండిపోయింది.

అత్తగారికి వైద్యురాలి మాట రుచించలేదు. ఆమె కోపం క్రమంగా బా మీదికి మళ్ళింది. ఉదయం పదింటికి బా వచ్చి ఘోడియూ తాడు పట్టుకోగానే అత్తగారి ముఖం ముడుచుకునేది. సంక్రాంతికి వారం ముందు, ఒకనాడు బా పాపకు కిటికీ మీది పిచ్చుకను చూపించి “చకలీ, చకలీ” అని పదే పదే చెబుతున్నది. అత్తగారు నావైపు తిరిగి అన్నారు: “ఆమె మనుమడు అమెరికాల ఆమె మాట మరిచిండని, నా మనుమరాలి నోట్ల తన మాట పోసుకుంటున్నదా?”

బా నావైపు చూచి, ఏమంటున్నారని అడిగింది. నేను అనువాదకురాలిని. “మీరు పాపతో ఎంత ఓపికగా మాట్లాడుతున్నారో అని అత్తమ్మ మెచ్చుకుంటున్నారు” అని గుజరాతీలో చెప్పాను.

బా అత్తగారి ముఖాన్ని కొంతసేపు చూచింది. “దీకరీ, మెచ్చుకోవడానికి ఆమెకు నా మనుమడి ఊరి పేరు ఎందుకు కావలసి వచ్చింది?” అన్నది. అమెరికా అన్న మాట ఏ భాషలోనైనా అమెరికాయే కదా! ఆమె మెల్లగా లేచి వెళ్ళిపోయింది. మూడు రోజులు రాలేదు.

అనువాద శాస్త్రంలో విశ్వసనీయతను గూర్చి నేను ఎం.ఏ.లో చాలా చదివాను, పరీక్షలో వ్రాశాను కూడా. ఆ మూడు రోజులలో నాకు తోచినది వేరు. నేను ఆ మాటను ఉన్నదున్నట్లు చెప్పి ఉంటే గొడవ జరిగేది. కానీ ఆ గొడవ వారిద్దరిదై ఉండేది. నేను మాటను మార్చడం వల్ల బా దృష్టిలో అబద్ధమాడినది నేను. అత్తగారి దృష్టిలో తన మాట చేరవేయనిదీ నేనే. పైగా అత్తగారు అన్నదానిలో కొంత నిజమున్నదని బాకూ తెలుసు, నాకూ తెలుసు.

నాలుగవ రోజున అత్తగారు సకినాలు చుట్టారు. బియ్యపు పిండి, నువ్వులు, వాము. నేలమీద గుడ్డ పరచి, ఒక్కర్తే కూర్చొని, వేళ్ళ మధ్య నుండి వలయాలు వలయాలుగా. వేయించిన తరువాత ఒక పళ్ళెం నిండా సర్ది, నన్ను పిలవకుండా, ఎదురింటి తలుపు తట్టారు. లోపల ఏమి జరిగిందో నాకు తెలియదు. వారిద్దరికీ ఉమ్మడి భాష లేదు. అరగంట తరువాత ఆమె అదే పళ్ళెంలో నువ్వుల తల్ సాంకళీ తీసుకొని తిరిగి వచ్చారు. “ఆమెకు మోకాళ్ళ నొప్పులట” అన్నారు. ఎలా తెలుసునని అడిగితే, “నాకు లేవా?” అన్నారు.

జనవరి 14న ఉత్తరాయణ్. ఆనాడు సూరత్‌లో నేలమీద ఎవరూ ఉండరు. నగరమంతా మేడల మీదికి చేరి గాలిపటాలు ఎగురవేస్తుంది. ఎవరి దారమో తెగగానే “కాయ్‌పో ఛే” అని అరుపులు. గాజుపొడి దారం మెడకు తగులుతుందని ఆ రోజులలో స్కూటర్లకు ముందు ఇనుప తీగను వంపుగా బిగించుకుంటారు. మధ్యాహ్నం ఉంధియూ, జిలేబీ. మేము ఆ సందడిలోనే పాపకు బోగిపండ్లు పోశాము. రేగుపండ్లు, చెరకు ముక్కలు, పూలరేకులు, చిల్లర నాణేలు కలిపి అత్తగారు దోసిళ్ళతో పాప తలపై పోస్తుంటే మేడమీది గుజరాతీ స్త్రీలందరూ గాలిపటాలు వదలి చుట్టూ చేరారు. బా ఆశ్చర్యంగా ఒక రేగుపండు చేతిలోకి తీసుకొని, “మీరు కూడా బోర్ పోస్తారా?” అన్నది. తరువాత ఆమె చెప్పిన విషయం నేను ఊహించనిది. వడోదర దాటిన తరువాత వచ్చే నడియాద్‌లో సంతరామ్ మందిరం ఉన్నది. పుష్య పూర్ణిమనాడు, మాటలు సరిగా రాని పిల్లల కోసం తల్లిదండ్రులు అక్కడ రేగుపండ్లను గాలిలోకి విసురుతారు. బిడ్డకు మాట వస్తుందని నమ్మకం. బా దానిని ఎన్నడో తన కొడుకు కోసమే మొక్కుకున్నదట.

అత్తగారు నా భుజం తట్టారు. “ఏమన్నదామె?” ఈసారి ఒక్క అక్షరం మార్చకుండా చెప్పాను.

“రేగుపండ్లా? మాటల కోసమా?” అన్నారు. కాసేపు ఆగి, “పోదాం” అన్నారు.

పండుగ వెళ్ళిన పదిపన్నెండు రోజులకు పూర్ణిమ వచ్చింది. మేము నలుగురమూ రైలులో నడియాద్ వెళ్ళాము. సర్దార్ పటేల్ పుట్టిన ఊరది. మందిరం వద్ద జనసముద్రం, దాని మీద రేగుపండ్ల వాన. పండు తగిలి పాప నుదురు కొద్దిగా ఎర్రబడింది, ఏడవలేదు. కిందపడిన ఒక పండును తీసి, అందరూ చేస్తున్నట్లే తనూ విసరింది. మాట మాత్రం రాలేదు. నేను ఆ నమ్మకాన్ని సమర్థించడానికీ, ఎగతాళి చేయడానికీ ఇక్కడ నిలబడలేదు. తిరుగు ప్రయాణంలో ఇద్దరు ముసలమ్మలు ఒకే బెర్తు మీద, పాపను మధ్యలో పడుకోబెట్టుకొని, చెరొక చేయి దాని మీద వేసి నిద్రపోయారు. నాకు ఆ రోజు అనువదించవలసిన పని పడలేదు.

ఫిబ్రవరిలో ఒక ఉదయం. బాల్కనీలో ఎండ పొడలో ఇద్దరూ కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తున్నారు. సూర్తీ పాపడీ అని అక్కడ ప్రసిద్ధమైన చిక్కుడు. నేను లోపల పాలు కాస్తున్నాను. పాప గడప మీద నిలబడి, వాళ్ళవైపు చేయి చాచి, స్పష్టంగా “బా” అన్నది.

ఇద్దరూ ఒకేసారి పలికారు. ఒకరు గుజరాతీలో, ఒకరు తెలుగులో. కారణం మీకు చెప్పాలి. మా కరీంనగర్ వైపు తండ్రిని బాపు అంటారు. తండ్రి తల్లిని బాపమ్మ అంటారు. అత్తగారు దసరా నుండి ప్రతిరోజూ పాపను ఎదురుగా కూర్చోబెట్టుకొని “బా–ప–మ్మ, బా–ప–మ్మ” అని నేర్పుతూ వచ్చారు. మొదటి అక్షరం వచ్చింది, మిగిలినవి వస్తాయని ఆమె వాదన. “బా అంటే బా, అందులో మిగిలినదేమున్నది?” అని ఎదురింటి బా. ఇద్దరూ నావైపు తిరిగారు. ఎవరిని పిలిచిందో చెప్పు, నువ్వు రెండు భాషలూ ఎరిగినదానివి కదా అని ఇద్దరి కళ్ళూ అడుగుతున్నాయి.

పాలు పొంగుతున్నాయని నేను లోపలికి వెళ్ళాను. నిజానికి అప్పటికి స్టవ్వు ఆర్పేసి ఉన్నాను.

మార్చిలో అత్తగారు తిరుగు ప్రయాణమయ్యారు, ఒక్కరే. పాపను తీసుకువెళ్ళే మాట ఆమె మళ్ళీ ఎత్తలేదు, మేమూ ఎత్తలేదు. స్టేషనుకు బా కూడా వచ్చింది. బండి కదిలేటప్పుడు అత్తగారు కిటికీ ఊచల మధ్య నుండి నాతో కాక బాతో తెలుగులోనే అన్నారు: “పిల్లను చూసుకో అక్కా.” బా తల ఊపింది. నన్ను అనువాదం అడగలేదు.

ఆ తరువాత మాటలు వరదలా వచ్చాయి. రెండేళ్ళు నిండకముందే రెండేసి మాటలు కలిపింది. నోటుపుస్తకంలో చకలీ అన్నచోట గుజరాతీ అనీ, నీళ్ళు అన్నచోట తెలుగు అనీ వ్రాశాను. ‘చాలు’ అన్న మాటకు రెండు వరుసలు పట్టాయి. అన్నం వద్దన్నప్పుడు అది తెలుగు; పంకా స్విచ్చి చూపి, వేయమన్నప్పుడు గుజరాతీ. ఐదవ పుట నిండిన తరువాత వ్రాయడం మానేశాను. అన్ని గడులూ నింపాను, మొదటి వరుసలో ఒక్కటి తప్ప. తేదీ ఉన్నది, ‘బా’ అన్న మాట ఉన్నది. భాష అన్న గడిని ఖాళీగానే ఉంచాను.